ముల్లు ఊగుతోందని మీటరు పీకకండి

ప్రశ్న: నమస్తే సార్. మాది హన్మకొండ. మా బాపు 1997లో కొన్న మారుతి 800 ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఏపీ 36 నంబరు. బాపు టీచరుగా రిటైరయ్యారు, ఇప్పుడు బండి నేనే నడుపుతున్నాను. మొన్న మేడారం పోయి వస్తుంటే ములుగు దాటిన దగ్గర్నుంచి స్పీడు ముల్లు 40కీ 70కీ మధ్య ఊగడం మొదలుపెట్టింది. డాష్‌బోర్డు లోపల టిక్ టిక్‌మని చప్పుడు. కిలోమీటర్ల అంకెలు మాత్రం తిరుగుతున్నాయి. ఫుల్ ట్యాంకు కొట్టించినా పెట్రోలు ముల్లు సగం దాటదు. ఇంకో విచిత్రం, టెంపరేచర్ ముల్లు ఉన్నట్టుండి పైకి లేస్తుంది, అదే టైములో పెట్రోలు ముల్లూ లేస్తుంది, కాసేపటికి రెండూ దిగిపోతాయి. ఎడమ ఇండికేటర్ వేస్తే మీటరు లైటు కూడా దాంతోపాటే మినుకుమంటుంది. రాత్రిపూట మీటరు కుడి సగం చీకటి. పైన అద్దం మసకబారింది. రెండేళ్ల కిందట ఒక మెకానిక్ మీటరు ఇప్పి బిగించాడు. రెండు స్క్రూలు మిగిలితే "ఏం కాదు" అని నా చేతిలో పెట్టాడు. ఇప్పుడు ఇంకొకాయన ఇదంతా తీసేసి డిజిటల్ మీటరు పెట్టేద్దాం అంటున్నాడు. బాపు ఒప్పుకోవడం లేదు. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ మీటరు అంకె చూసి నోట్‌బుక్కులో రాసుకోవడం ఆయనకు బండి కొన్నప్పటి నుంచీ అలవాటు. మీటరు నేనే ఇప్పుకుని బాగు చేసుకోవచ్చా? ఏదైనా విరిగితే దొరుకుతుందో లేదో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇప్పుకోవచ్చు. అదేం బ్రహ్మవిద్య కాదు. కాకపోతే ఇవాళే స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోకండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు చెప్పిన అయిదు జబ్బుల్లో మూడు మీటరులోవి కావు. స్పీడు ముల్లు ఊగడం కేబుల్‌ది. పెట్రోలు ముల్లు సగంలో ఆగడం ట్యాంకు వైపుది. రెండు ముళ్లు కలిసి లేవడం, ఇండికేటరుతో పాటు లైటు మినుకుమనడం ఒకే జబ్బు, అది వైరుది. మిగిలినవి చచ్చిన బల్బు, మసక అద్దం. ఈ రెండింటికే మీటరు బయటికి తీయాలి.

మీటరు వార్తలు చదివేవాడి లాంటిది. మిర్చి ధర పడిపోయిందని రేడియోలో చెప్పినవాడిని కొడితే ఎనుమాముల మార్కెట్లో ధర లేవదు. మన దగ్గర చాలామంది మెకానిక్‌లు ముల్లు తప్పు చూపిస్తే ముందు మీటరు మీద పడతారు. ఇప్పి, ఊది, తుడిచి, మళ్లీ బిగిస్తారు. కదిలించిన పుణ్యానికి రెండ్రోజులు పనిచేస్తుంది, మూడో రోజు మళ్లీ మొదటికే వస్తుంది. ఈలోపు పాతికేళ్ల నాటి ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి విరిగి ఉంటుంది. అందుకే బయటినుంచి లోపలికి రండి, మీటరు దగ్గరికి చివర్లో వెళ్దాం.

ముందు ఖర్చు లేనిది చూద్దాం. ఎడమ ఇండికేటర్ వేస్తే మీటరు లైటు మినుకుమంటోంది అన్నారు చూడండి, నాకు ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చిన మాట అదే. మీటరులోని బల్బులన్నిటికీ కరెంటు వేర్వేరు దారుల్లో వస్తుంది కానీ, తిరిగి పోయే దారి ఒక్కటే. దాన్నే ఎర్త్ అంటాం. ఒక నల్ల వైరు మీటరు నుంచి బయటికి వచ్చి, చివర చిన్న రింగుతో బండి ఇనుముకు స్క్రూతో బిగించి ఉంటుంది. ఆ స్క్రూ వదులైతే కరెంటుకు పోయే దారి లేక పక్క బల్బు గుండా దొంగదారి వెతుక్కుంటుంది. ఇండికేటర్ బల్బు వెలిగినప్పుడల్లా మిగతా లైట్లు దాని తాళానికి ఆడతాయి.

రెండు ముళ్లు కలిసి లేవడం కూడా ఈ లెక్కలోదే. ఆ తరం బళ్లలో చాలావాటికి పెట్రోలు, టెంపరేచర్ ముళ్ల వెనక ఒక చిన్న వోల్టేజి రెగ్యులేటర్ ఉంటుంది. బ్యాటరీ 12 వోల్టులు ఇచ్చినా, డైనమో తిరుగుతూ 14 ఇచ్చినా, అది తగ్గించి ఒకే మోతాదులో ముళ్లకు పంపుతుంది. ఆ రెగ్యులేటర్ పనిచేయాలంటే ఎర్త్ కావాలి. ఎర్త్ పోతే తగ్గించడం మానేసి వచ్చిందంతా వదిలేస్తుంది, ముళ్లు రెండూ ఒకేసారి ఎక్కుతాయి. గతుకులో వైరు మళ్లీ ఇనుముకు తగిలితే దిగిపోతాయి. ఒక ముల్లు తప్పు చూపిస్తే దాని సెన్సర్‌ను అనుమానించండి. రెండూ కలిసి తప్పు చూపిస్తే రెండిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని అనుమానించండి. ఇంట్లో ఒక్క గదిలో కరెంటు పోతే ఆ గది స్విచ్చు చూస్తాం, ఇల్లంతా పోతే మెయిన్ చూస్తాం కదా.

ఇక ఆ మిగిలిన రెండు స్క్రూలు. అవి ఇంకా మీ దగ్గరుంటే ఇప్పుడే తీసి చూడండి. ఒకటి మొన తేలి, మరలు దూరం దూరంగా ఉంటే అది ప్లాస్టిక్‌లోకి పోయేది. రెండోది మొన మొద్దుగా, మరలు సన్నగా దగ్గరగా ఉండి, తల కింద పళ్ల వాషర్ ఉంటే మాత్రం అది ఇనుములోకి పోయేది. ఎర్త్ రింగులను బిగించేది ఇలాంటి స్క్రూతోనే. నేను పందెం కట్టను గానీ, ఆ "ఏం కాదు" స్క్రూయే రెండేళ్లుగా మీ ముళ్లను ఆడిస్తోందని నా అనుమానం. డ్రైవర్ సీటు వెనక్కి జరిపి, టార్చి పట్టుకుని, స్టీరింగ్ కింద తల పెట్టి చూడండి. వేలాడే నల్ల వైరు, చివర రింగు కనిపించాలి. కనిపిస్తే రింగును, అది కూర్చునే ఇనుమును సన్న గరుకు కాగితంతో తళతళలాడేదాకా గీకి బిగించండి. రంగు మీద, తుప్పు మీద బిగించిన ఎర్త్ లేనట్టే లెక్క. వైరు దొరక్కపోతే ఇంకో పని చేయండి. మీటరు కప్లర్‌లోకి (వైర్ల గుత్తిని మీటరుకు తగిలించే ప్లాస్టిక్ ప్లగ్గు) పోయే నల్ల వైరు నుంచి మంచి ఇనుముకు ఒక తాత్కాలిక వైరు వేసి ఇండికేటర్ వేయండి. మినుకు ఆగిందంటే దొంగ దొరికినట్టే.

అయితే ఒక జాగ్రత్త. ఎర్త్ సరిచేసేదాకా టెంపరేచర్ ముల్లు లేచినప్పుడల్లా "అది వైరు సంగతి" అని కొట్టిపారేయకండి. బండి పక్కకు ఆపి, ఆవిరి వాసన ఉందా, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ మట్టం ఎలా ఉందో చూడండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకండి. ఇది నేను చేతులు కాల్చుకున్నాక చెబుతున్న మాట. నా పాత బండికి ఒకసారి కూలెంట్ కారుతోందని టెంపరేచర్ సెన్సర్ ఇప్పి, మరల మీద తెల్ల టేపు మందంగా చుట్టి బిగించారు. కారడం ఆగింది, నేను సంతోషించాను. ఆ సెన్సర్‌కు ఎర్త్ ఆ మరల నుంచే అందాలి. టేపు దాన్ని అడ్డుకుంది. మే నెల, పరకాల ఇంకా రాలేదు, ముల్లు బుద్ధిగా అడుగునే కూర్చుంది, ఇంజిన్ మాత్రం కుతకుత ఉడుకుతోంది. బానెట్ సందుల్లోంచి పొగ లేచాక గానీ నాకు తెలియలేదు. హెడ్ గ్యాస్కెట్ మార్చాల్సి వచ్చింది. అప్పటి నుంచి వేసవిలో ముల్లు మరీ బుద్ధిగా ఉంటే నాకు భయం.

ఇప్పుడు స్పీడు ముల్లు. మీ బండిలో దీనికి కరెంటుతో పనిలేదు. గేరుబాక్సులో ఒక చిన్న పళ్లచక్రం తిరుగుతుంటే, దానికి తగిలించిన కేబుల్ లోపలి తీగ కూడా తిరుగుతూ డాష్‌బోర్డు దాకా వస్తుంది. అక్కడ మీటరు లోపల ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతానికి ముట్టీ ముట్టనట్టు ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది, ముల్లు ఆ గిన్నె ఇరుసుకే ఉంటుంది. అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో సుడి కరెంటు పుట్టి దాన్ని తనవైపు లాగుతుంది. వెంట్రుకంత స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఈ రెండు లాగుళ్ల మధ్య ముల్లు ఎక్కడ ఆగితే అదే మీ స్పీడు. జర్మనీలో ఒట్టో షుల్జే 1902లో పేటెంటు తీసుకున్న ఉపాయం ఇది. మీ బండి తయారైన నాటికి కూడా దాన్ని మార్చాల్సిన అవసరం రాలేదు.

కిలోమీటర్ల అంకెలు మాత్రం అయస్కాంతంతో కాదు, పళ్లచక్రాలతో తిరుగుతాయి. ముల్లు బాగుండి అంకెలు ఆగితే లోపలి చక్రం పగిలినట్టు. రెండూ ఒకేసారి ఆగితే కేబుల్ తెగినట్టు, లేదా గేరుబాక్సు దగ్గరి ఆ చిన్న పళ్లచక్రం (పినియన్) అరిగినట్టు. అంకెలు నడుస్తూ ముల్లు ఊగుతూ టిక్ టిక్ వస్తే కేబుల్ ఎండిపోయింది, లేదంటే ఎక్కడో మడత పడింది. గ్రీజు లేని తీగ తొడుగును పట్టుకుంటుంది, మెలి తిరుగుతుంది, ఒక్కసారి వదిలి గిర్రున తిరుగుతుంది. వదిలినప్పుడల్లా ముల్లు గంతేస్తుంది. మేడారం దారి దుమ్ము కూడా తన వంతు సాయం చేసి ఉంటుంది. మీటరు పాపం ఏం చేయలేదు.

బానెట్ ఎత్తి గేరుబాక్సు దగ్గర కేబుల్ చివర విడదీయండి. రెండు వేళ్లతో లోపలి తీగను బండి ముందుకు పోతే తిరిగే వైపు తిప్పుతూ, లోపల ఒకరిని ముల్లు చూడమనండి. నున్నగా తిరిగి ముల్లు కొద్దిగా కదిలితే మంచిదే. అక్కడక్కడా బిగపట్టి టక్కున వదిలితే తీగ బయటికి తీయాల్సిందే. తీగ బయటికి వచ్చే రకమైతే మీటరు వైపు నుంచి మెల్లగా లాగండి (అక్కడ కేబుల్ ఎలా ఊడదీయాలో కింద మీటరు ఇప్పేచోట చెప్పాను). చదునైన బల్ల మీద పరిచి దొర్లించండి. మడత ఉన్నచోట అది చేపపిల్లలా ఎగిరిపడుతుంది. అలా ఎగిరిందంటే ఎంత గ్రీజు రాసినా లాభం లేదు, కేబుల్ మొత్తం మార్చేయండి. ఖర్చు పెద్దదేం కాదు.

మడత లేకపోతే తీగను కిరోసిన్ గుడ్డతో తుడిచి ఆరబెట్టి, పలచటి గ్రీజు వేళ్లతో పూసి లోపలికి పంపండి. ఇక్కడే అందరూ చేసే తప్పు ఒకటుంది. మీటరు వైపు జానెడు పొడవు పొడిగానే వదిలేయండి. తిరిగే తీగ గ్రీజును మరలాగా పైకి ఎక్కిస్తుంది. అది అయస్కాంతం గిన్నెలోకి చేరిందా, అయస్కాంతం, గిన్నె ఒకదానికొకటి అంటుకుని, బండి కదలగానే ముల్లు 120కి పోయి కూర్చుంటుంది. ఇంజిన్ ఆయిల్ అయితే ఇంకా తొందరగా పాకుతుంది, అసలు వద్దు. మళ్లీ బిగించేటప్పుడు కేబుల్ ఎక్కడా గట్టిగా వంగకూడదు. వంపు కింద ఒక టిఫిన్ ప్లేటు పట్టేంత గుండ్రంగా ఉండాలి.

బిగించాక లెక్క సరిచూసుకోవడానికి షాపులకు తిరగక్కర్లేదు. హైదరాబాద్ రోడ్డెక్కి, ఖాళీగా ఉన్నచోట ముల్లును 60 మీద నిలిపి, కిలోమీటరు రాయి నుంచి రాయికి పక్కన కూర్చున్నవాళ్లను సెకన్లు చూడమనండి. 60 సెకన్లు పట్టాలి. 40 మీద అయితే 90. నాలుగు సెకన్లు అటూ ఇటూ అయితే పట్టించుకోకండి. బాగా తేడా ఉంటే టైర్లు చూడండి. ఫ్యాక్టరీ సైజు కంటే పెద్దవి వేయిస్తే చక్రం ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరు తక్కువ చూపిస్తుంది. దాంతో బాపుగారి నోట్‌బుక్కులో మైలేజీ లెక్క కూడా తప్పుతుంది.

పెట్రోలు ముల్లుకు వద్దాం. ట్యాంకులో ఒక తేలే బుడ్డి, దానికి ఒక చేయి, ఆ చేయి రాసుకుంటూ పోయే సన్న తీగచుట్ట ఉంటాయి. మెకానిక్‌లు దీన్ని ట్యాంకు యూనిట్ అంటారు. ట్యాంకు నిండితే కరెంటుకు అడ్డం తగ్గి ముల్లు లేస్తుంది, ఖాళీ అయితే అడ్డం పెరిగి దిగుతుంది. దారిలో ఎక్కడ తుప్పు పట్టినా అడ్డం పెరిగినట్టే, ముల్లు తక్కువే చూపిస్తుంది. ఫుల్ కొట్టించినా సగం దాటడం లేదంటే అదే కథ. ఇంకో కారణం మన అలవాటు. ఎప్పుడూ 500 రూపాయలకు కొట్టించి అడుగునే నడిపిస్తే చేయి పై భాగానికి పోనే పోదు, అక్కడి తీగ మీద మకిలి పేరుకుంటుంది.

తప్పు ముందుందో వెనకుందో తెలుసుకునే పరీక్ష సులువు. కావాల్సింది ఒక 3.4 వాట్ల చిన్న బల్బు, హోల్డరు, రెండు వైర్లు. తాళం ఆపి, ట్యాంకు యూనిట్ వైరు కప్లర్ ఊడదీయండి. ఆ వైరుకూ మంచి ఇనుముకూ మధ్య బల్బు కలపండి. అప్పుడు తాళం తిప్పండి. బల్బు వెలిగి, కాసేపటికి ముల్లు పైకి లేస్తే మీటరూ వైరూ రెండూ బాగున్నాయి, దోషం ట్యాంకు దగ్గరే. ఈ ముళ్లు లోపల వేడెక్కి వంగే రేకుతో పనిచేస్తాయి కాబట్టి తాపీగా లేస్తాయి, తొందరపడకండి. బల్బు లేకుండా వైరును నేరుగా ఇనుముకు తాకించే అలవాటు కొందరికి ఉంది. ముల్లు లేస్తుంది, నిజమే, ఎక్కువసేపు ఉంచితే ఆ రేకు కాలిపోతుంది. పైగా పెట్రోలు ట్యాంకు పక్కన నిప్పురవ్వ. అందుకే కలపడమైనా విడదీయడమైనా తాళం ఆపాకే.

ట్యాంకు దగ్గరే అని తేలితే ముందు దాని ఎర్త్ గీకి బిగించి చూడండి. సగం కేసులు అక్కడే తీరిపోతాయి. యూనిట్ బయటికి తీయాల్సి వస్తే మాత్రం మీరు చేయకండి, ట్యాంకు ఖాళీగా ఉన్న రోజు మంచి ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి, కింద గ్యాస్కెట్ కొత్తది వేయించండి. ఇంటి వరండాలో పెట్రోలు ఆవిరితో ఆటలు వద్దు. అది బాగయ్యేదాకా బాపుగారి నోట్‌బుక్కు ఉండనే ఉంది. ఫుల్ కొట్టించిన నాటి అంకె నుంచి ఎన్ని కిలోమీటర్లు తిరిగారో చూస్తే ట్యాంకులో ఎంత ఉందో ముల్లు కంటే ఆయన నోట్‌బుక్కే సరిగ్గా చెబుతుంది.

ఇక మీటరు ఇప్పడం. ఉదయంపూట పెట్టుకోండి. వేసవి మధ్యాహ్నం ఎండలో నిలబడ్డ బండి ప్లాస్టిక్ మెత్తబడి మరలు పోతాయి. చలికాలం తెల్లవారుజామున అయితే అదే ప్లాస్టిక్ గాజులా పుటుక్కుమంటుంది. ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. తర్వాత ఫోన్‌తో ఫొటోలు తీయండి, స్క్రూ తీసే ముందు ఒకటి, తీశాక ఒకటి. స్క్రూలను గిన్నెలో కలిపి వేయకండి. ఒక అట్టముక్క మీద మీటరు బొమ్మ గీసి, ఏ చోటి స్క్రూ ఆ చోటే గుచ్చండి. ఈ ఒక్క పని చేసి ఉంటే ఆ మెకానిక్ చేతిలో రెండు మిగిలేవి కావు.

స్టీరింగ్ చక్రం తీయాల్సిన పనిలేదు. కింది కవరు తీస్తే చేతికి చోటు వస్తుంది. మీటరు మీద గొడుగులా కప్పి ఉండే ప్లాస్టిక్ చట్రం స్క్రూలు తీసి దాన్ని మీవైపు లాగండి. రాకపోతే గుంజకండి, ఎక్కడో ఇంకో స్క్రూ దాక్కుని ఉందని అర్థం. మీటరు స్క్రూలు తీశాక అది కాస్త ముందుకు వచ్చి ఆగిపోతుంది. వెనక కేబుల్ పట్టుకుని ఉంటుంది మరి. అక్కడే చాలామంది బలం చూపిస్తారు. బానెట్ వైపు వెళ్లి, ఇంజిన్‌కూ డాష్‌బోర్డుకూ మధ్య ఉన్న ఇనుప గోడలోంచి కేబుల్ దూరే రబ్బరు దగ్గర దాన్ని కొద్దిగా లోపలికి నెట్టండి, నాలుగు వేళ్ల వదులు వస్తుంది. అప్పుడు మీటరు వెనక చేయి పెట్టి, కేబుల్ మెడ దగ్గరి ప్లాస్టిక్ నాలుకను బొటనవేలితో నొక్కితే టక్‌మని ఊడుతుంది. కప్లర్లను వాటి తలను పట్టుకుని తీయండి, వైర్లు పట్టుకుని కాదు.

మీటరు ఒళ్లో పెట్టుకుని తిప్పి చూస్తే వీపు మీద ప్లాస్టిక్ పొర, దాని మీద రాగి గీతలు కనిపిస్తాయి. వైర్ల బదులు అదే. ఎండకు అట్టలా ఎండిపోయి ఉంటుంది. దాన్ని మడవకండి, గీకకండి. కప్లర్ కూర్చునేచోట గీతలు నల్లబడి ఉంటే పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో తుడిస్తే చాలు. బల్బు హోల్డర్లు పావు చుట్టు తిప్పితే వస్తాయి. కుడివైపు నల్లగా మాడిన బల్బు కనిపిస్తుంది, దాని మీదే ఎన్ని వాట్లో ఉంటుంది, అదే వాట్లది వేయండి. వెలుగు చాల్లేదని పెద్దది వేస్తే ఆ వేడికి హోల్డరూ పొరా కరుగుతాయి. రెండోవైపు బల్బు కూడా మార్చేయండి, అదీ అదే వయసుది.

ఎల్ఈడీ వేయొచ్చా అని మీరు అడగలేదు గానీ దుకాణంలో వాళ్లే అంటగడతారు. రాత్రి వెలుగు కోసం వేసుకోవచ్చు, వెలగకపోతే తిప్పి పెట్టండి, వాటికి ప్లస్ మైనస్ ఉంటాయి. బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర లైటుకు మాత్రం వద్దు. ఆ లైటు మనకు చూపించడానికి మాత్రమే లేదు. చాలా బళ్లలో డైనమో ఛార్జింగ్ మొదలుపెట్టడానికి కావాల్సిన తొలి కరెంటు ఆ బల్బు గుండానే పోతుంది. ఎల్ఈడీ గుండా పోయే చిటికెడు కరెంటుకు డైనమో లేవకపోవచ్చు. అందుకే ఆ బల్బు మాడినా నిర్లక్ష్యం చేయకండి. ఆయిల్ లైటు కూడా అంతే. తాళం తిప్పగానే వెలగాలి, సెల్ఫ్ కొట్టి ఇంజిన్ అందుకోగానే ఆరాలి. తాళం తిప్పినా వెలగకపోతే ఆయిల్ బాగుందని కాదు, బల్బు పోయిందని.

అద్దం ప్లాస్టిక్‌ది. పెట్రోలు, థిన్నర్ తగిలితే పాలు పోసినట్టు తెల్లబడుతుంది, మళ్లీ రాదు. ఆ అద్దాన్ని విడదీసి, సబ్బునీళ్లలో కడిగి, నీడన ఆరబెట్టి, ప్లాస్టిక్ పాలిష్‌తో మెత్తటి బట్ట పెట్టి రుద్దండి. టూత్‌పేస్టు చిట్కా కూడా పనిచేస్తుంది, కానీ జెల్ కాకుండా తెల్లది, అదీ చూపుడువేలి కొనంత. అద్దం తీసి ఉన్నప్పుడు చేయి దురద పెట్టినా ముల్లును వేలితో తోయకండి. అంకెల పలక మీద దుమ్ముంటే పొడి బ్రష్‌తో దులపండి, తడిబట్ట తగిలితే పాత అంకెలు బట్టకు వచ్చేస్తాయి.

డిజిటల్ మీటరు సంగతి. నాకు దాని మీద కోపం లేదు, మీ బండికి మాత్రం వద్దంటాను. కేబుల్ తీసేసి గేరుబాక్సుకు కొత్త సెన్సర్ పెట్టాలి, ట్యాంకు యూనిట్ కొలతకు అది సరిపోవాలి, వైరింగ్ కోయాలి. మీ జబ్బులు మూడూ బయటివి కాబట్టి ఎర్త్ వదులుగా ఉన్నంతకాలం కొత్త మీటరు కూడా మినుకుమంటూనే ఉంటుంది. ఈసారి అంకెలతో. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు పోవాలి కదా, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 117వది స్పీడోమీటర్ గురించే. నడిచే అసలు మీటరుతో పోతే మాట పడక్కర్లేదు.

విరిగితే దొరుకుతుందా అన్నారు. ఈ బండి తయారీ 2014లో ఆగింది గానీ రోడ్ల మీద ఇంకా తిరుగుతూనే ఉంది, పాత సామాన్ల దుకాణాల్లో మీటర్లు దొరుకుతాయి. ముందు మన ఆటోనగర్‌లో అడగండి, లేకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్. పాత మీటరు పట్టుకునే పోండి. వెనక కప్లర్లు, కేబుల్ మెడ రెండూ పక్కపక్కన పెట్టి పోల్చండి, "అన్నీ ఒకటే" అన్న మాట నమ్మకండి. జపాన్ ప్రమాణంలో కేబుల్ 637 చుట్లు తిరిగితే ఒక కిలోమీటరు. పలక మీద అలాంటి అంకె ఉంటే రెండిటిలోనూ ఒకటే ఉండాలి. లేకపోతే ముల్లు ఎప్పటికీ అబద్ధమే చెబుతుంది. అంకెలు తక్కువున్న మీటరు చూసి "బండి రేటు పెరుగుతుంది" అని ఎవరైనా కన్ను కొడితే పక్కకు తప్పుకోండి. అది మోసం. మార్చాల్సి వస్తే ఆ రోజు తేదీ వేసి, పాత మీటరు అంకె, కొత్త మీటరు అంకె రెండూ బాపుగారి చేతే నోట్‌బుక్కులో రాయించండి. రేపు ఎవరికైనా బండి అమ్మినా ఆ పేజీ చూపించొచ్చు.

బిగించేటప్పుడు ముందు కప్లర్లు, తర్వాత కేబుల్ టక్‌మనేదాకా, ఆ తర్వాతే స్క్రూలు. గొడుగు వేయకముందే బ్యాటరీ కలిపి అన్ని లైట్లూ, రెండు ఇండికేటర్లూ చూసుకోండి. ఆ మిగిలిన ఇంకో స్క్రూ, ప్లాస్టిక్‌లోకి పోయేది, దాని రంధ్రం కూడా ఈసారి కనిపిస్తుంది. కనిపించకపోతే ఎక్కడో ఒకచోట దూర్చేయాలని చూడకండి. పొడుగు స్క్రూ మీటరు వెనక పొరలో దిగితే ఉన్న లైట్లు కూడా పోతాయి. అట్టముక్క మీద గుచ్చి ఫొటో తీసి పంపండి, చూసి ఎక్కడిదో చెబుతాను.